తక్కెడ పట్టిన చేతి కాయకము



శ్రీకాకుళము జిల్లా ఈశాన్యపు కొసన, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ ఉద్దానమను సీమ కలదు. ఉద్యానవనమను మాటయే జనుల నాలుకపై ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల ఇసుక నేలలలో కొబ్బరి, జీడి, పనస, మామిడి తోటలు దట్టముగా పెరుగును. కవిటి వైపు కొబ్బరి ప్రధానము. కొబ్బరిపీచుతో తాళ్ళు పేనుట అచ్చటి ఇండ్లలో ఎరిగిన పని. పలాస-కాశీబుగ్గ జంటపట్టణము జీడిపప్పు పరిశ్రమకు దేశమంతట పేరుపొందినది. ఉద్దానపు తోటల పిక్కలే కాక, సముద్రము దాటి పశ్చిమ ఆఫ్రికా దేశముల పిక్కలును అచ్చటి కార్ఖానాలకు వచ్చుచుండును.

జీడిపిక్క పప్పుగా మారుటకు అనేక చేతులు కావలెను. పిక్కలను ఎండబెట్టి బస్తాలకెత్తువారొకరు, ఆవిరిలో ఉడికించువారొకరు, పెంకును కోసి పప్పును వెలికి తీయువారొకరు. ఆ పప్పును బోర్మాలో ఆరబెట్టిన పిమ్మట పొట్టు ఒలుచువారు, గుండు, బద్ద, ముక్క అని వేరుచేయువారు, డబ్బాలకెత్తువారు వేరుగా ఉందురు. వీరిలో పెక్కురు స్త్రీలు. ఎనుబది కిలోల పిక్కబస్తా నుండి లభించు పప్పు సుమారు నాలుగవ వంతు మాత్రమే. కనుక ఆ నాలుగవ వంతులో ఎంత గుండుగా నిలిచినది, ఎంత ముక్కలైనది అనుదానిపై యజమాని లాభమును, కూలివాని కూలియు ఆధారపడియుండును.

ఇన్ని చేతుల నడుమ మరియొక చేయి కలదు. అది పిక్క కోయదు, పొట్టు ఒలువదు, బస్తా మోయదు. అది తక్కెడ పట్టును, పుస్తకమున అంకె వ్రాయును, ఎవరు ఎచ్చట కూర్చుండవలెనో చూపును, ఎంతసేపు ఉడికించవలెనో నిర్ణయించును. దానిని మేస్త్రీ అందురు, సూపర్‌వైజరు అందురు, మేనేజరు అందురు. పేరేదైనను అది యజమానికిని పనివారికిని నడుమ నిలిచిన చేయి. ఆ చేతి కాయకమేది? బసవధర్మము ఆ చేతికి ఏమి చెప్పుచున్నది? శరణులు ఇచ్చట విచారింపవలసిన విషయమిది.

కాయకమన నేమి?

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున శరణులు స్థాపించిన సిద్ధాంతములలో కాయకమొకటి. కేవలము పొట్టకూటికై చేయు పని కాయకము కాదు. అది నిజాయితీతో కూడిన పనియై ఉండవలెను. శ్రమకు తగినంత మాత్రమే గ్రహింపవలెను. గ్రహించినదానిలో తన అవసరమునకు మించినది గురులింగజంగమములకు, సమాజమునకు దాసోహము కావలెను. ఈ మూడును కూడినప్పుడే పని పూజయగునని శరణుల బోధ.

శరణుల పేర్లే వారి పనులను చెప్పును. మడివాళ మాచయ్య చాకలి. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు. నులియ చందయ్య తాళ్ళు పేని, అమ్మి, వచ్చినదానితో దాసోహము చేసినవాడు. కవిటి ప్రాంతమున పీచుతాడు పేను చేతులు నులియ చందయ్య చేతులకు దూరపు చుట్టములు కావు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము జరిపెడివాడు. ఒకనాడు అతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఇది అవసరమునకు మించినది, దీని వెనుక ఆశ కలదు, తీసికొనిపోయి తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఏరిన గింజలలోనే ఎక్కువ తక్కువలు చూచిన ఆ ఇల్లాలు శరణుల లెక్కకు ప్రమాణము.

మేస్త్రీ మాట వచ్చినప్పుడు కొందరికి ఒక సందేహము కలుగును. చాకలికి బండ కలదు, పడవవానికి తెడ్డు కలదు, తాళ్ళవానికి పీచు కలదు. మేస్త్రీకి ఏమున్నది? ఇతరులచేత పని చేయించుట పనియగునా? అధికారము కాయకమగునా? ఈ సందేహమునకు సమాధానము కొరకు దూరము పోనక్కరలేదు. బసవేశ్వరుని జీవితమే సమాధానము.

భాండారమును కాచిన భక్తుడు

బసవేశ్వరుడు చేసిన కాయకమేది? ఆయన నేత నేయలేదు, చెప్పులు కుట్టలేదు. కలచురి బిజ్జలుని కొలువున రాజకార్యము చేసి, భాండారమునకు అధికారియై, దండనాయకుడయ్యెను. అనగా ఇతరుల సొమ్మును కాచుట, లెక్క వ్రాయుట, పనివారిచేత పనులు నడిపించుట ఆయన కాయకము. నేటి మాటలలో చెప్పవలెనన్న మన బసవన్న ఒక రాజ్యమునకు మేనేజరు. కనుక అధికారము కాయకము కానేరదను మాట బసవభక్తులకు చెల్లదు. ఎట్టి అధికారము కాయకమగును అనునదే ప్రశ్న.

తెలుగున పాల్కురికి సోమనాథుడు పదమూడవ శతాబ్దమున ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక కథ కలదు. బసవన్న జంగమార్చనలకై భాండారమును దోచిపెట్టుచున్నాడని అసూయాపరులు బిజ్జలునితో చెప్పిరి. రాజు లెక్క చూపుమని అడిగెను. బసవన్న భాండారము తలుపులు తెరిపించెను. ధనము లెక్కకు సరిపోయెను, కొండెములు చెప్పినవారు తలలు వంచుకొనిరి. భక్తులు ఈ కథను శివుని మహిమగా చదువుదురు. అది యుక్తమే. కాని ఇందు మరియొక పాఠమును కలదు. లెక్క అడిగినప్పుడు బసవన్న కోపింపలేదు. నన్నే అనుమానింతురా అని అలుగలేదు. నా భక్తిని చూడుడు, లెక్కతో పనియేమి అనలేదు. తలుపులు తెరిపించెను. ఎవని చేతిలో తాళపుచెవి ఉన్నదో వాడు, అడిగిన క్షణమున తలుపు తెరువగలవాడై ఉండవలెను. తెరుచుటకు భయపడునంతవరకు వాని అధికారము కాయకము కాదు.

ఆ భాండారి రెండు వైపులకును జవాబుదారి. ఒక వైపున సొమ్ము అప్పగించిన రాజు. రెండవ వైపున ఆయన ఇంటి ముంగిట నిలిచిన శరణులు, పేదలు, పనివారు. రాజు సొమ్మును దొంగిలించి శరణులకు పెట్టిన అది దాసోహము కాదు. శరణుల శ్రమను హరించి రాజు పెట్టె నింపిన అది స్వామిభక్తి కాదు. రెండు లెక్కలును ఒకేసారి సరిపోవలెను. తక్కెడకు రెండు సిబ్బెలున్నవి. ఒక సిబ్బెనే చూచువాడు తూచుటకు తగడు.

ఒక కార్ఖానాలో ఒక ఉదయము

ఈ ధర్మము వినుటకు సులభము, ఆచరణమున కఠినము. ఎంత కఠినమో తెలియుటకు ఒక జీడికార్ఖానాను మనస్సునకు తెచ్చుకొనుడు. ఇది ఏ ఒక్క కార్ఖానా కథయు కాదు. ఎచ్చటనైనను జరుగగల సంగతి.

డబ్బాల గిరాకీ అధికముగా ఉన్నది. పప్పు త్వరగా కావలెనని యజమాని తొందర పెట్టినాడు. ఆవిరిలో ఉడికించిన పిక్కలను ఒక రాత్రియైనను ఆరనీయవలెను. వేడియు తేమయు తగ్గి పెంకు గట్టిపడినప్పుడే కోత సాఫీగా సాగి పప్పు గుండుగా వెలువడును. ఆ సంగతి మేస్త్రీకి తెలియును. అయినను తొందరలో, ఆరని పిక్కలనే తెల్లవారకముందే కోతకు పెట్టించినాడు.

కోత బల్లల వద్ద స్త్రీలు కూర్చుండిరి. జీడిపెంకులోని జిగురునూనె చర్మమును కాల్చును. అందుచే వారు చేతులకు నూనెయో బూడిదయో పూసికొని కోతకు దిగుదురు. అయినను వ్రేళ్ళ కొసలు నల్లబడియే ఉండును. ఆనాడు ఎంత జాగ్రత్తగా కోసినను పప్పు విరిగినది. మధ్యాహ్నమునకు ఒకామె తన పళ్ళెమును కాటా వద్దకు తెచ్చినది. గుండు తక్కువ, ముక్క ఎక్కువ.

మేస్త్రీ ఆ పళ్ళెమును చూచినాడు. తప్పు ఎచ్చట జరిగినదో వానికి తెలియును. అది ఆమె చేతిలో లేదు, రాత్రి ఆవిరిపాత్ర వద్ద ఉన్నది. అచ్చట నిలిచినవాడు తానే. కాని పుస్తకమున ఆమె పేరున్నది, ఆమె పళ్ళెమున ముక్కలున్నవి. కోత చెడినదని వ్రాసి కూలి తగ్గించిన ఆమె మారుపలుకదు. యజమాని కూడ మేస్త్రీని ప్రశ్నింపడు. లెక్క పుస్తకమున సరిపోవును.

ఈ క్షణమే ఆ మేస్త్రీకి పరీక్ష. గుడిలో కాదు, మఠములో కాదు, ఆ కాటా ముందు. వానికి మూడు దారులున్నవి. మొదటి దారి, తన తప్పును ఆమె లెక్కలో వ్రాయుట. రెండవ దారి, ఆమెపై జాలిపడి, యజమానికి తెలియకుండ ముక్కను గుండుగా తూచి వ్రాయుట. ఇది దయవలె కనిపించును, కాని ఇతరుల సొమ్మును తన పుణ్యముగా పంచుటయే. అంతేకాదు, తప్పు ఎచ్చట జరిగినదో యజమానికి తెలియదు గనుక రేపటి రాత్రి అదే తొందర, ఎల్లుండి అదే విరుగుడు. మూడవ దారి, పళ్ళెమును ఉన్నదున్నట్లు తూచి, ఆమె కూలి తగ్గింపక, యజమాని వద్దకు పోయి, పిక్కను ఆరనీయకుండ కోతకు పెట్టించినది నేను, నష్టము కోతవారిది కాదు అని చెప్పుట.

మూడవ దారి భాండారము తలుపు తెరుచుట వంటిది. అందు మేస్త్రీకి అవమానము కలుగవచ్చును, మాట పడవచ్చును, ఉద్యోగమే పోవచ్చును. ఈ భయము అబద్ధమని చెప్పుట ధర్మబోధ కాదు. ఇంటిలో పిల్లలున్నవానికి ఉద్యోగము చిన్న సంగతి కాదు. కాని ఆ స్త్రీ ఇంటిలోను పిల్లలున్నారు. తన భయమును ఆమె పళ్ళెములో పోసి తూచుటకు ఎవనికిని హక్కు లేదు.

ఇందుండి తెలియునదేమి? తాళ్ళవాడు తన తాడును తానే పేనును, తన పీచు మంచిదో చెడ్డదో తానే చూచికొనును. కార్ఖానాలో పనిచేయువానికి ఆ వీలు లేదు. వానికి ఇచ్చిన పిక్క ఎట్టిది, వెలుతురు ఎట్టిది, కత్తి పదునెట్టిది, తూకము ఎట్టిది, ఇవన్నియు మరియొకరి చేతిలో ఉన్నవి. వాడెంత భక్తితో పనిచేసినను, పై చేయి చెడినచో వాని పని చెడును, వాని కూలి తరుగును. కావున మేస్త్రీ కాయకము ఇది: ఇతరుల కాయకము కాయకముగా నిలుచునట్లు చూచుట. వారి శ్రమ శుద్ధముగా సాగుటకు తగిన పిక్కను, పనిముట్టును, సమయమును సమకూర్చుట. పని ముగిసిన పిదప దాని ఫలమును ఉన్నదున్నట్లు తూచుట. అరచుటయు, అదలించుటయు వాని పని కాదు. అరపు ఎక్కువైనచోట ఏర్పాటు తక్కువైనదని గ్రహింపవలెను.

కొయ్యముక్క చెప్పిన పాఠము

వేరొక దేశపు సంగతి యొకటి ఇచ్చట ఉపకరించును. స్కాట్లండు దేశమున న్యూలానార్క్ అనుచోట పెద్ద నూలుమిల్లు ఉండెడిది. 1800 సంవత్సరమున రాబర్ట్ ఓవెన్ అనువాడు దాని నిర్వహణను చేపట్టెను. ఆ కాలమున మిల్లులలో పనివారిని కొట్టుట, తిట్టుట మామూలు. ఓవెన్ దెబ్బలను మాన్పించి, ప్రతి పనివాని వద్ద నాలుగు ప్రక్కలకు నాలుగు రంగులు పూసిన ఒక కొయ్యముక్కను వ్రేలాడదీయించెను. నలుపు చెడ్డపనికి గుర్తు, నీలము అంతంతమాత్రమునకు, పసుపు మంచిపనికి, తెలుపు మిక్కిలి మంచిపనికి. నిన్నటి పనిని బట్టి సూపర్‌వైజరు ఆ కొయ్యను త్రిప్పి పెట్టును. మాట లేదు, తిట్టు లేదు. తనకు అన్యాయముగా గుర్తు పెట్టిరని తోచిన పనివాడు నేరుగా ఓవెన్ వద్దకు పోయి చెప్పుకొనవచ్చును. పదేండ్లలోపు పిల్లలను క్రొత్తగా పనిలోనికి తీసికొనుట ఆయన మాన్పించెను. అమెరికా తన పత్తి ఎగుమతిని నిలిపివేసిన కాలమున మిల్లు ఆగిపోయినను, నాలుగు నెలలపాటు పనివారికి జీతములు చెల్లించెను. ఇన్ని చేసినను ఆ మిల్లు లాభములోనే నడిచెను. పనివానిని మనిషిగా చూచినచో వ్యాపారము మునుగునను వాదమునకు రెండు శతాబ్దముల క్రిందటనే సమాధానము దొరకినది.

ఐనను శరణుల దృష్టితో చూచిన అందు ఒక ప్రశ్న మిగిలియున్నది. పనివాని కొయ్యను సూపర్‌వైజరు త్రిప్పును. మరి సూపర్‌వైజరు కొయ్యను త్రిప్పువారెవరు? యజమాని త్రిప్పునని చెప్పవచ్చును. కాని యజమానికి పుస్తకమే కనిపించును, రాత్రి ఆవిరిపాత్ర కనిపించదు. చెడిన పప్పు ఎవరి తప్పో ఆ పాత్ర వద్ద నిలిచినవానికి తెలిసినంతగా మరెవరికిని తెలియదు.

వీరశైవునకు ఈ ప్రశ్నకు సమాధానము మెడలోనే ఉన్నది. లింగదీక్ష పొందినవాడు ఇష్టలింగమును దేహమునుండి వేరుచేయడు. కాటా ముందు నిలిచినప్పుడును అది వాని రొమ్ముపైననే ఉండును. ప్రొద్దుట కరస్థలమున నిలిపి పూజించిన ఆ లింగము, పగలు వాడు వ్రాసిన అంకెలను చూడదా? పూజవేళ ఒక చేయి, తూకమువేళ మరియొక చేయి లేదు. ఉన్నది ఒకే చేయి.

ఎండ, నీరు, దేహము

తూకమొక్కటియే మేస్త్రీ చేతిలో ఉన్నదనుకొనరాదు. పనివారి దేహములును వాని చేతిలోనివే. ఉద్దానపు జనులకు ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఆ సీమను మూత్రపిండముల వ్యాధి దశాబ్దముల తరబడి పీడించుచున్నది. వ్యాధిగ్రస్తులలో పెక్కురు పొలములలో, తోటలలో శ్రమించువారు. పలాసలో 2023 డిసెంబరున రెండువందల పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రము ప్రారంభమైనవి. వ్యాధికి కారణమిదియేనని ఒక్క మాటలో తేల్చుట వైద్యులకే సాధ్యము కాలేదు. కాని మండుటెండలో నీరు లేక, నీడ లేక గంటల తరబడి శ్రమించుట మూత్రపిండములకు హాని అని మాత్రము వైద్యశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్నది.

ఆవిరిపాత్ర వద్ద, బోర్మా వద్ద, ఎండలో కళ్ళముపై పనిచేయువారికి మంచినీటి కడవ ఎంత దూరమున ఉన్నది? నీరు త్రాగుటకు లేచినవానిని మేస్త్రీ ఏ కంటితో చూచుచున్నాడు? స్త్రీలకు మరుగుదొడ్డి కలదా? లేనిచో వారు నీరు త్రాగుటయే తగ్గించుకొందురు. ఇది ఎవరును పైకి చెప్పరు, గ్రహింపవలసినది పై నిలిచినవాడే. వానికి ఇది లేచి కూర్చుండునంత పని. పనివారికి ఇది ఆయుర్దాయము.

రాజశాసనము కూడ ఈ భారమును పై నిలిచినవానిపై మోపినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రతి కార్ఖానాకు మేనేజరు పేరును ప్రభుత్వమునకు తెలుపవలెనని శాసించెను. చట్టము మీరినచో యజమానితోబాటు మేనేజరును దోషిగా నిలిపెను. త్రాగునీరు, మరుగుదొడ్లు, వారమునకు నలుబది యెనిమిది గంటలు మించని పని, ఐదు గంటలకు ముందే అరగంట విశ్రాంతి, ఇవన్నియు ఆ చట్టమున ఉండెను. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన నూతన కార్మికస్మృతి దాని స్థానమును గ్రహించినది. చట్టములు మారవచ్చును. కాని చట్టము తనిఖీదారు వచ్చిన దినముననే మేల్కొనును, కాయకము ప్రతిదినమును మేల్కొనియుండును. తనిఖీనాడు మాత్రమే నింపిన నీటికడవ చట్టమును తృప్తిపరచవచ్చునేమో కాని లింగమును తృప్తిపరచదు.

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. తరతరములుగా పెంచిన కొబ్బరిచెట్లు వేళ్ళతో కూలినవి, జీడితోటలు నేలమట్టమైనవి. తోట పోయినవాని దుఃఖము అందరికి కనిపించును. తోట లేక, తోటలోను కార్ఖానాలోను దొరకు కూలిపైననే బ్రతుకువాని దుఃఖము లెక్కలకెక్కదు. ఎవరి ఇల్లు కూలినది, ఎవరు పనికి రాలేదు, ఎందుచేత రాలేదు అని తెలియువాడు మేస్త్రీయే. హాజరుపట్టీ వాని చేతిలో ఉన్నది. ఆ పట్టీలో పేరు ఎదుట సున్న చుట్టి ఊరకుండుట సులభము. ఆ సున్న వెనుకనున్న ఇంటిని యజమానికి ఎరిగించుట దాసోహము. దాసోహము అన్నము వడ్డించుటతో ముగియునది కాదు. తన చేతనున్న దానిని, అది మాటయే యైనను, అవసరమైనవారికై వినియోగించుట దాసోహమే.

భృత్యుడను మాటకు అర్థము

వీరశైవులకు విధింపబడిన పంచాచారములలో ఒకటి భృత్యాచారము. శరణుల ఎదుట తాను సేవకుడనని తలచి మెలగుట దాని భావము. రాజ్యభాండారము చేతనుండగా బసవన్న తనను అందరికంటె చిన్నవానిగా భావించెనన్న సంగతి భక్తులెరుగనిది కాదు. ఉన్నతాసనమున కూర్చున్నవానికే ఈ ఆచారము ఎక్కువ అవసరము. మేస్త్రీ తాను యజమానికి భృత్యుడనని ఎరుగును. పనివారికిని తాను భృత్యుడనని ఎరిగిననాడు వాని పని ధర్మమగును. పిక్క మోయువానికి దారి చూపుట సేవ, కోయువానికి పదునుకత్తి అందించుట సేవ, తూకమును వారి కన్నుల ఎదుట తూచుట సేవ.

గణాచారమను మరియొక ఆచారము కలదు. కన్నుల ఎదుట అపచారము జరుగుచుండగా ఊరకుండరాదని అది చెప్పును. యజమాని ధర్మము తప్పి, తూకము తగ్గించుమనియో, రావలసిన కూలిని ఎగవేయుమనియో ఆజ్ఞాపించినచో మేస్త్రీ ఏమి చేయవలెను? మొదట వినయముతో చెప్పవలెను. వినకున్న మరల చెప్పవలెను. అప్పటికిని వినకున్న ఆ పనికి తన చేయి ఇవ్వరాదు. బిజ్జలుడు శరణులకు ఘోరశిక్ష విధించిన పిమ్మట బసవన్న కల్యాణమును విడిచి కూడలసంగమమునకు పోయెనని సంప్రదాయము. అంతటి భాండారమును, అంతటి అధికారమును ఆయన విడువగలిగెను. ఏలయన అవి తనవని ఆయన ఎన్నడును అనుకొనలేదు. తనది కానిదానిని విడుచుట కష్టము కాదు.

యజమానులకును ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. నిజము చెప్పిన మేస్త్రీని శిక్షించు యజమాని, మరునాటినుండి అబద్ధపు పుస్తకమునే చదువవలసివచ్చును. పప్పు విరిగినదని చెప్పినవానిపై కోపించినచో ఇక ముందు పప్పు విరిగిన సంగతి తెలియనే తెలియదు, నష్టము మాత్రమే తెలియును. మేస్త్రీ నిజాయితీ సగము మేస్త్రీది, సగము వాని మాటను ఓర్పుతో వినగల యజమానిది. కూతురు పెండ్లికో, పిల్లవాని చదువునకో చాలని జీతమిచ్చి, నిప్పువంటి నిజాయితీని కోరుటయు న్యాయము కాదు.

పనివారికి చెప్పవలసినదియు కలదు. మేస్త్రీ చూడనప్పుడు ఒక విధముగా, చూచినప్పుడు మరియొక విధముగా చేయు పని కాయకము కాదు. గుండుపప్పును కొంగున ముడివేసికొనిపోవు చేయి, తూకము తగ్గించు చేతిని నిందింపజాలదు. కాని ఈ రెండు తప్పులును సమానములు కావు. అధికారము గల చేతి తప్పు పదిమందిని తాకును, అధికారము లేని చేతి తప్పు ఒక్కదానిని తాకును. అందుచేత లెక్క అడుగుట పై నుండి మొదలు కావలెను.

శరణులారా! మేస్త్రీలై, మేనేజరులై, గుమాస్తాలై, దుకాణములలోను మిల్లులలోను పదిమందిపై నిలిచినవారు వీరశైవ కుటుంబములలో నేడు ఎందరో ఉన్నారు. వారు రాత్రి లింగపూజకు కూర్చుండుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందురు గాక. నేడు నా తప్పును మరియొకరి పేరున వ్రాసితినా? నా క్రింద పనిచేసినవారిలో నీరు లేక, నీడ లేక, విశ్రాంతి లేక బాధపడినవారున్నారా? ఈ క్షణమున నా పుస్తకమును అటు యజమాని ఎదుట, ఇటు పనివారి ఎదుట తెరిచి పెట్టగలనా?

మూడింటికిని సమాధానము సరిగా వచ్చిన దినమున పూజ అప్పుడే సగము ముగిసినదని ఎరుగుడు. సరిగా రాని దినమున నిరాశ పడనక్కరలేదు. కోత బల్లల వద్దకు ఆ స్త్రీ మరునాడు ప్రొద్దుట మరల వచ్చును. నిన్న తగ్గించి వ్రాసిన అంకెను నేడు కొట్టివేసి, సరియైన అంకె వ్రాసి, ఆమె కూలి ఆమెకు ఇచ్చుటకు పుస్తకమున ఎప్పుడును చోటు ఉండును.